ఒడి నింపి పంపితే మూడోనాడే వచ్చాను

ఉద్యోగం అయిపోయిన మనిషిని ఎవరైనా ఒక్కసారే సాగనంపుతారు. నన్ను మా బడివాళ్ళు ఒకే ఏడాది, ఒకే ఉద్యోగం నుంచి, మూడుసార్లు సాగనంపారు. మూడుసార్లూ అదే శాలువా, అదే ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ.

నేను బీదర్‌లో ఉంటాను. మన్నాఏఖేళ్ళి దాటి లోపలికి పోతే వచ్చే ఒక చిన్న ఊళ్ళో ప్రభుత్వ బడికి రోజూ బస్సులో వెళ్ళి నాలుగు, ఐదు తరగతులకు లెక్కలు చెప్పేదాన్ని. ఆ ఊరివాళ్ళు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో కన్నడంలో చదువుకుంటారు, సంతలో బేరానికి దిగితే ఉర్దూ అందుకుంటారు. నేను అతిథి టీచర్ని. పేరు చూసి మర్యాదలేవో ఉంటాయని ఊహించుకోకండి. జూన్‌లో రమ్మంటారు, బడి సంవత్సరం అయిపోగానే పొమ్మంటారు, అంతే దాని అర్థం. మళ్ళీ జూన్‌లో పిలవాలంటే ఆ ఖాళీ ఖాళీగానే ఉండాలి. పర్మనెంటు టీచరెవరైనా అక్కడికి వస్తే నా పని అక్కడితో సరి. మూడేళ్ళుగా ఆ ఊరికి రావడానికి ఎవరికీ మనసు పుట్టలేదు కాబట్టి నేను బతికిపోయాను. ఈ ఏడు మాత్రం ఎవరో వస్తున్నారని గట్టిగా వినిపించింది.

నాకు ఆ బడి వదిలి పోవాలని లేదు. ఈ మాట ముందే చెప్పి పెట్టుకుంటున్నాను, ఎందుకంటే తరువాత జరిగినదంతా వినేవాళ్ళకు తమాషాగానే ఉంటుంది.

వరండాలో రోజుకో మంచి మాట రాసే నల్లబల్ల ఒకటుంది. ఎండలు ముదిరి పొద్దుటి బడి మొదలవగానే పిల్లలు ఆ మంచి మాట తుడిచేసి సెలవులకు ఇంకా ఎన్ని రోజులున్నాయో రాయడం మొదలుపెట్టారు. ఇది బడా, బస్టాండా అని పెద్దసారు మొదటి రోజు కేకలేశాడు. మా హెడ్మాస్టర్ని అందరం పెద్దసారనే అంటాం. ఆయనది భాల్కి అవతల పల్లె. భార్యాబిడ్డలు అక్కడే ఉంటారు, ఈయన ఇక్కడ గది తీసుకుని చేయి కాల్చుకుంటాడు. వారం తిరక్కుండానే, నేను బస్సు దిగి వచ్చేసరికి ఆయనే ఆ బల్ల ముందు నిలబడి పాత అంకె తుడిచి కొత్తది రాస్తూ దొరికిపోయాడు. "పిల్లలు తప్పు రాస్తుండ్రు మేడం," అన్నాడు, అడగకపోయినా.

ఆ అంకె తగ్గుతుంటే బడి మొత్తానికి ఖుషీ. నాకు మాత్రం ఒక్కోరోజు ఎవరూ చూడకుండా చివరి అంకె చెరిపి ఒకటి పెంచుదామా అనిపించేది. పిల్లలు అంత తెలివితక్కువవాళ్ళు కాదు కాబట్టి ఆగాను.

ఇంతలో పెద్దసారు ఫోన్‌కు పై ఆఫీసు నుంచి కబురొచ్చింది. అతిథి టీచర్లు శనివారం దాకానే. పరీక్షలు కూడా పెట్టకుండా మమ్మల్ని పంపితే పేపర్లు ఎవరు దిద్దుతారని నేను అడిగాను. "అది రాయలే మేడం," అని ఆయన ఫోను అటూ ఇటూ తిప్పి చూశాడు, వెనక వైపు ఏమైనా రాసి ఉందేమో అన్నట్టు.

శనివారం సభ పెట్టారు. పెద్దసారు ఇంట్లో మరాఠీ, బడిలో కన్నడం మాట్లాడతాడు. తెలుగు మాత్రం మా మూడో తరగతి పిల్లల దగ్గర నేర్చుకున్నాడు కాబట్టి వాళ్ళలాగే మాట్లాడతాడు. "మేడం బాగ చెప్తది. పిల్లలు బాగ వింటరు. ఇప్పుడు మేడం పోతది. మేము బాగ ఏడుస్తము," అన్నాడు. చెప్పినట్టే పిల్లలు ఏడ్చారు. నాలుగో తరగతిలో ఒక పిల్ల ఉంది. ఎక్కాలు ఏడు దాటితే రావు గాని ఏడుపులో దాన్ని మించినవాళ్ళు లేరు. వెక్కిళ్ళు పెడుతూ వచ్చి తన జడ క్లిప్పు తీసి నా చేతిలో పెట్టింది. శాలువా కప్పారు. ఫోటో అవగానే పెద్దసారు నా చెవి దగ్గరికి వంగి, "మేడం, శాలువా జర ఇటియ్యుండ్రి, బడిది ఒక్కటే ఉన్నది," అన్నాడు. మడత పెట్టి ఇచ్చాను.

అంతటితో ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. కాని మధ్యాహ్నం అన్నం వండే పెద్దమ్మ ఊరుకునే మనిషి కాదు. ఆమె వండితేనే బడి, ఆమె అలిగితే బడి లేదు. "శాలువా కప్పి పంపనీకి ఇదేమన్న ఆఫీసా? ఆడపిల్లను ఉత్తొడితోటి పంపుతరా?" అని ఇంకో నలుగురు ముత్తైదువలను వెంటేసుకుని వచ్చింది. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవిక గుడ్డ. కన్నడం వాళ్ళు ఉడి తుంబడమంటారు, మేము ఒడిబియ్యమంటాం. పుట్టింటి నుంచి అత్తింటికి పోయే ఆడబిడ్డకు పోస్తారు. నాకు పెళ్ళయి పన్నెండేళ్ళు, సొంత పుట్టింటివాళ్ళే ఒకసారి పోసి మరిచిపోయారు. ఇక్కడ మా వంటామె నన్ను ఆ ఎర్ర కుర్చీలో కూర్చోబెట్టి, దోసిళ్ళతో బియ్యం పోసి, కొంగు ముడివేసి, "ఇగ పో బిడ్డా, ఎనక్కు సూడకు," అంది. అప్పటిదాకా "టీచరమ్మా, మీరు" అని పిలిచే మనిషి, బియ్యం పోయగానే "నువ్వు"లోకి వచ్చేసింది.

బస్సులో కండక్టరు నా కొంగు చూసి అత్తగారిది ఏ ఊరని అడిగాడు. బీదరే అన్నాను. పుట్టిల్లు? నోరు జారి ఆ ఊరి పేరే చెప్పాను.

ఆదివారం ఆ బియ్యం వండి ఇరుగుపొరుగుకు పెట్టాం. అందరూ తిని చేతులు కడుక్కుంటుండగా పెద్దసారు ఫోను. కొత్త కబురు. అతిథి టీచర్లు పరీక్షలు అయ్యేదాకా ఉండాలి. "రేపు జల్ది రాండ్రి మేడం," అన్నాడు, ఏమీ జరగనట్టు.

సోమవారం బస్సు దిగేసరికి పిల్లలు చూసి ఎగిరి గంతేశారు. కాసేపే. తరువాత ఆ ఏడుపు పిల్ల నడుము మీద చేయి పెట్టుకుని నిలబడింది. "మొన్న అంత ఏడ్పిచ్చి మల్ల వచ్చిండ్రేంది మేడం?" అంది. మోసం జరిగినట్టే దాని ముఖం. నేను జడ క్లిప్పు తీసి ఇచ్చాను. తీసుకుంది, వద్దనలేదు.

గేటు దగ్గర పెద్దమ్మ గరిటె పట్టుకుని అడ్డం నిలబడింది. "ఆడ్నే ఆగు! ఒడి నింపి పంపిన పిల్ల రెండొద్దులకే మల్లొస్తదా? నలుగురు ఏమనుకుంటరు? ఇజ్జత్ ఉంటదా మనకు?"

"ఆర్డర్ వచ్చింది పెద్దమ్మా. నేనేం జెయ్యాలె?"

"ఆర్డర్‌కేం తెలుసు ఒడిబియ్యం సంగతి?"

అయిదుగురు ముత్తైదువలు మళ్ళీ కూడారు. పెద్దసారు ప్రార్థన గంట కొట్టి కొట్టి అలిసిపోయాడు. నేను గేటు బయట ఎండలో గొడుగేసుకుని నిలబడితే లోపల నా మీద విచారణ. చివరికి తేల్చారు. ఒడి నిండిన పిల్ల వెంటనే తిరిగొస్తే తప్పే. అయితే పుట్టిల్లు చూసిపోదామని చుట్టపుచూపుగా వస్తే తప్పులేదు. కాబట్టి నేను పాఠాలు చెప్పడానికి రాలేదు, పుట్టింటికి వచ్చాను. చెంబెడు నీళ్ళతో దిష్టి తీసి లోపలికి రానిచ్చారు.

ఇంతవరకు నాకూ సరదాగానే ఉంది. తరగతిలోకి వెళ్ళి చాక్‌పీసు అందుకునేసరికి వెనక నుంచి పెద్దమ్మ వచ్చి లాక్కుంది. "పుట్టింటికొచ్చిన ఆడబిడ్డతోటి ఎవరన్న పని జేపిస్తరా? కూసో."

"పెద్దమ్మా, పరీక్షలున్నయి!"

"ఉంటే ఉండనియ్యి. అన్నందాక కూసో. ఇయ్యాల గుడ్లున్నయి."

పెద్దసారు దగ్గరికి పోయి మొర పెట్టుకున్నాను. ఆయన వంటగది వైపు చూసి గొంతు తగ్గించాడు. "మేడం, ఆమె వంట బంద్ పెడ్తే నేను పిల్లలకు ఏం పెట్టాలె? మీరు జర కూసోని చెప్పుండ్రి." కూర్చుని చెప్పడానికీ వీల్లేదు. పుస్తకం తెరిస్తే చాలు, పిల్లలే కాపలా. "పెద్దమ్మ చూస్తాంది మేడం!" అని మూసేసేవాళ్ళు. పరీక్షల ముందు ఏ పిల్లలకు దొరుకుతుంది ఇటువంటి పని?

నాకు ఒళ్ళు మండింది. ఉన్నవే నాలుగు రోజులు, వాటిలో కూడా నన్ను టీచరుగా ఉండనివ్వరా? ఆలోచిస్తే ఒక దారి కనబడింది. పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డకు పని చెప్పరు గాని నోరు కట్టెయ్యరు. కూర్చుని అత్తింటి సంగతులు చెప్పుకోవచ్చు. వరండాలో ఎర్ర కుర్చీలో కూర్చుని, పిల్లలను చుట్టూ చేర్చుకుని మొదలుపెట్టాను.

"మా అత్త పొద్దుగాల లేచి పన్నెండు రొట్టెలు జేసింది. ఇంట్ల నలుగురం. అందరికి సమానంగ పంచింది. నా పళ్ళెంల ఎన్ని పడ్డయి?"

"మూడు!" అని అరిచారు పిల్లలు.

వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. "పొద్దంత బస్సులల్ల తిరిగే పిల్లకు మూడే రొట్టెలా?" అని పెద్దమ్మ గొంతు.

నాకు ఊపు వచ్చింది. మర్నాడు మా అత్త పద్నాలుగు రొట్టెలు చేసింది. నలుగురికీ పంచగా రెండు మిగిలాయి. ఆ మిగిలిన రెండింటిని లెక్కలో ఏమంటారో నేను పిల్లలను అడుగుతున్నాను. పెద్దమ్మ, ఆమె వెనక వచ్చి చేరిన ముత్తైదువలు, వాటిని ఎవరు తిన్నారని అడుగుతున్నారు. "ఇంకెవరు, అత్తే తిన్నది," అని వాళ్ళే తీర్పు చెప్పారు. శేషం అంటే అత్త తిన్నదని మా నాలుగో తరగతి మొత్తానికి ఆ రోజు తలకెక్కింది. అంతకుముందు ఏడాదంతా బల్ల మీద రాసి చెప్పినా ఎక్కలేదు.

మా అత్త నిజానికి చాలా మంచిది. తెల్లారకముందే లేచి నా డబ్బా కట్టి, నీళ్ళ సీసా నింపి పెట్టేది ఆమే. ఆ వారమంతా పాపం ఆమె నూనె కొలిచి పోసింది, పాలలో నీళ్ళు కలిపింది, గజాల బట్ట అడుగుల్లో కోసింది. ఊళ్ళో ఆడవాళ్ళు నా కోసం ఇంటింటికీ రొట్టె, పల్లీల పొడి కట్టి ఇచ్చేవాళ్ళు. ఒకామె అయితే, "ఒకనాడు బీదర్‌కొచ్చి మీ అత్తను నిలబెట్టి అడుగుత," అని బస్సు టైము కూడా కనుక్కుంది. ఇంటికొచ్చి అత్తకు ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఆమె పడీపడీ నవ్వి, "భిన్నాలు వస్తలేవు అంటివి గదా, అవి కూడ నా మీద్నే చెప్పు," అంది.

పరీక్షలయ్యాయి. రెండోసారి సభ. ఒడి ఏడాదికి ఒక్కసారే నింపాలని పెద్దమ్మ తేల్చేసింది కాబట్టి ఈసారి పసుపు, కుంకుమతో సరిపెట్టారు. పెద్దసారు లేచి, "మొన్న చెప్పిందే ఇప్పుడు కూడ. జై హింద్," అని కూర్చున్నాడు. కొత్త ఫోటో ఎందుకు, మొదటిది బాగానే వచ్చింది కదా అన్నాడు. ఏడుపు పిల్ల నన్ను పరీక్షగా చూసింది. "ఖరేనా మేడం?" అని అడిగింది. ఖరే అన్నాను. నిజంగా పోతానంటేనే ఏడుస్తుందన్నమాట. నా మాట నమ్మి కొంచెం ఏడ్చింది.

మర్నాడే కబురు. పేపర్లు దిద్దాలి, ఉండాలి. ఆ పిల్ల వారం రోజులు నాతో మాట్లాడలేదు.

మూడో సభ మరీ అన్యాయం. ఇంకా నా మెడలో దండ ఉంది, పెద్దసారు శాలువా కప్పుతున్నాడు. ఆయన జేబులో ఫోను టింగుమంది. ఎడమ చేత్తో తీసి చదివాడు. ఫలితాలు చదివే రోజు దాకా ఉండాలట. కప్పుతున్న శాలువాను అదే ఊపులో వెనక్కి తీసి భుజాన వేసుకుని, "తరగతులకు పోండ్రి," అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక సగం కొట్టారు. వరండాలో నల్లబల్ల మీద అంకె రాయడం అప్పటికే మానేశారు. నేను పోయే రోజే ఇన్నిసార్లు మారితే సెలవుల రోజును మాత్రం ఎవరు నమ్ముతారు?

నాకు లోపల ఒక పిచ్చి ఆశ మొదలైంది. ఇలా జరుపుతూ జరుపుతూ జూన్ దాకా పోతామేమో అనుకున్నాను. పైన ఎవరో నా పేరు కొట్టెయ్యడం మరిచిపోతున్నారు, ఇంకొన్నాళ్ళు మరిచిపోతే చాలు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని దేవుడికి దండం పెట్టుకున్నాను, పర్మనెంటు టీచరుకు ఇంకెక్కడైనా మంచి ఊరు దొరకాలని. మనస్ఫూర్తిగానే కోరుకున్నాను. ఆ టీచరు బాగుండాలి, బాగా దూరంగా ఉండాలి.

ఫలితాలు చదివే రోజు తల్లిదండ్రులంతా వచ్చారు. నాలుగో తరగతి అంతా లెక్కల్లో గట్టెక్కింది. మార్కులు విన్న ఒక తండ్రి, "మీ అత్తమ్మ చల్లగుండాలె మేడం," అన్నాడు. జనం పలచబడుతుండగా పెద్దసారు నన్ను పక్కకు పిలిచాడు. ఈసారి ఫోను నా చేతికే ఇచ్చాడు. జూన్‌లో పర్మనెంటు టీచరు చేరుతున్నారు. ఊరి పేరు, బడి పేరు, చేరే ఆమె పేరు అన్నీ ఉన్నాయి. అతిథి టీచరును నేటితో వదిలెయ్యాలి. కింద సంతకం కూడా ఉంది. ఇంతకుముందు వచ్చినవాటిలో సంతకం లేదు.

"మేడం," అన్నాడాయన. ఇంకేదో అనబోయి తెలుగు చాలక ఆగిపోయాడు. కన్నడంలో అనొచ్చు, నాకు వస్తుంది. అది కూడా అనలేకపోయాడు. భాల్కి బస్సుకు టైమవుతోంది, సంచీ అప్పటికే చేతిలో ఉంది. సభ పెడదామా అని ఆయన అడగలేదు. పెట్టినా వచ్చేవాళ్ళెవరు?

పిల్లలు సెలవుల సంబరంలో గేటు వైపు పరుగెత్తుతున్నారు. "పిల్లలూ, నేను పోతున్న," అన్నాను. "ఆఁ మేడం, రేపొస్తరు గద!" అని నవ్వుకుంటూ పోయారు. ఏడుపు పిల్ల ఈసారి ఖరేనా అని కూడా అడగలేదు. వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది, అంతే. వాళ్ళను ఆపి నమ్మించాలని ఉంది. ఏం చెప్పి నమ్మించను? మూడుసార్లు చెప్పిన మాటే కదా.

వంటగది వెనక పెద్దమ్మ కుళాయి దగ్గర అన్నం వండే పెద్ద డేగిసా తోముతోంది.

"పోయొస్త పెద్దమ్మా."

"మంచిది బిడ్డా."

"ఈసారి ఖరేనే పోతున్న. కొత్తామె వస్తాందంట."

"మొన్న కూడ ఖరే అంటివి," అంది తల ఎత్తకుండానే. "పో, ఎండ ముదురుతాంది. నీళ్ళు తాగి పో."

నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. అడగని రోజుల్లో శాలువాలు, దండలు, బియ్యం. కావాలనుకున్న రోజున ఒక్క మనిషి లేచి నిలబడలేదు. పోనీ, పట్టుబట్టి చెబితే? చెప్పలేకపోయాను. నీళ్ళు తాగి వచ్చేశాను.

మర్నాడు అలవాటు కొద్దీ పెందలాడే మెలకువ వచ్చింది. అత్త కూడా అలవాటు కొద్దీ డబ్బా కట్టేసి, గుర్తొచ్చి, విప్పి పక్కన పెట్టింది. నేను రోజూ ఆ ఊళ్ళో బస్సు దిగే వేళకు ఫోను మోగింది. తెలియని నంబరు. ఎత్తితే నాలుగో తరగతి ఏడుపు పిల్ల గొంతు.

"మేడం, బస్సొచ్చింది. మీరు దిగలే."

వెనకాల ఇంకా చాలామంది పిల్లల గోల. సెలవుల మొదటి రోజు వీళ్ళంతా బస్టాపులో ఏం చేస్తున్నారు?

"సెలవులు గదనే," అన్నాను.

"సెలవులు మాకు గద మేడం. మీరెందుకు రాలే?"

"నేను ఇగ రాను బిడ్డా. మీకు కొత్త మేడం వస్తది. నిన్న చెప్పిన గద."

ఆ పిల్ల ఫోను దూరంగా పట్టుకుని ఎవరికో చెప్పింది, "రాదంట. ఖరేనంట." గోల ఆగింది. ఫోను చేతులు మారింది. ఊపిరి చప్పుడును బట్టే పెద్దమ్మ అని తెలిసింది. ఆమె కూడా బస్టాపుకు వచ్చిందని నేను అనుకోలేదు.

"పోతున్నప్పుడు నాకొక మాట జెప్పొద్దా బిడ్డా?"

"చెప్పిన పెద్దమ్మా."

"అవు. జెప్పినవు," అంది. "నేనే, డేగిసా తోముకుంట, లెవ్వనన్న లెవ్వలే."

బస్సు కదిలి వెళ్ళిపోయిన చప్పుడు వినిపించింది. ఆమె ఫోను పెట్టెయ్యలేదు. నేనూ పెట్టెయ్యలేదు.